ఒక్క బకెట్‌లో కారు కడగడం: ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

నీళ్ళ మీద ఆంక్షలు వచ్చాయి, పైపుతో కారు కడగకూడదు. ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసేది రెండిట్లో ఒకటి: కారుని అలాగే వదిలేస్తారు, లేదంటే పొద్దున్నే ఒక తడిగుడ్డ తీసుకుని గబగబా తుడిచేస్తారు. వదిలేస్తే పిట్ట రెట్టలు, చెట్టు జిగురు పెయింట్‌ని పాడుచేస్తాయి. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా ఘోరం, ఎందుకంటే దుమ్ములో సన్న ఇసుక ఉంటుంది, ఆ ఇసుక కారు పైపొర కంటే చాలా గట్టిది, గుడ్డ కింద పడి లాగినంత దూరం గీత గీస్తుంది. ఆ పైపొర, అదే క్లియర్ కోట్, మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది, మన తల వెంట్రుక మందం కంటే తక్కువన్నమాట. గీతలు పోవాలని పాలిష్ పట్టించిన ప్రతిసారీ అందులోంచే కొంత అరుగుతుంది, అరిగింది మళ్ళీ రాదు.

అందుకని దీన్ని సీరియస్‌గా ఒక ప్రాజెక్టులా పెట్టుకున్నా. నీళ్ళు 10 లీటర్లు దాటకూడదు, ఆ పదిలో కూడా తాగడానికి పనికొచ్చే నీళ్ళు వీలైనంత తక్కువ ఉండాలి. గీతలు పడకుండా చూడటం షరతు కాదు, అసలు పనే అది.

పని మొదలుపెట్టే ముందు చేయాల్సింది, చాలామంది చేయనిది ఒకటుంది: మన దగ్గర అమల్లో ఉన్న ఆంక్ష అసలు ఏం అంటోందో మాటమాటా చదవడం. ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఇంగ్లండ్‌లో హోస్‌పైప్ నిషేధం పెడితే పైపు పట్టకూడదు కానీ బకెట్‌తో ఇంట్లో కారు కడుక్కోవచ్చు. కాలిఫోర్నియాలో 2014 కరువులో తెచ్చిన రూల్ వేరు, చెయ్యి తీయగానే ఆగిపోయే నాజిల్ లేని పైపుతో కడగకూడదన్నారు. బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటితో వాహనాలు కడగడమే నిషేధించారు, అంటే అక్కడ ప్రశ్న పైపా బకెట్టా అని కాదు, ఏ నీళ్ళు అని. కేప్‌టౌన్‌లో 2018లో మనిషికి రోజుకి 50 లీటర్లు అని పరిమితి పెట్టారు, అలాంటి చోట కారుకి 10 లీటర్లంటే ఒక మనిషి రోజువారీ నీళ్ళలో ఐదో వంతు. ఈ తేడా తెలిస్తేనే మనం ఏ పద్ధతి ఎంచుకోవాలో తెలుస్తుంది. నేను వీటన్నిట్లోకీ కఠినమైనదాన్ని దృష్టిలో పెట్టుకున్నా: పైపు వద్దు, మంచినీళ్ళు వద్దు.

పైపు ఎంత తాగుతుందో కొలిచా

పోల్చుకోడానికి ఒక అంకె కావాలి కదా. తోట పైపుని 15 లీటర్ల బకెట్‌లో పెట్టి ఫోన్‌లో టైమర్ ఆన్ చేశా, నిమిషం కూడా పట్టలేదు, బకెట్ నిండిపోయింది (ఆ నీళ్ళు మొక్కలకి పోశాలెండి). అంటే పది నిమిషాలు తెరిచి ఉంచితే 150 లీటర్లకి పైనే. షాంపూ రుద్దుతున్నంత సేపూ పైపు కింద పడి కారుతూనే ఉంటుంది చాలా ఇళ్ళల్లో, కారుని తాకే నీళ్ళకంటే నేలని తడిపే నీళ్ళే ఎక్కువ. ప్రెషర్ వాషర్ ఉన్నవాళ్ళకి ఒక మాట, ఇంట్లో వాడే చిన్న మెషీన్లు నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల దాకా తీసుకుంటాయి, పైపు కంటే తక్కువే, కానీ పైపు నిషేధం ఉన్నచోట కుళాయికి తగిలించిన ప్రెషర్ వాషర్ కూడా మామూలుగా ఆ నిషేధం కిందకే వస్తుంది.

ఇక్కడ కూర్చుని ఆలోచిస్తే నాకు ఒక విషయం స్పష్టంగా అర్థమైంది, మిగతా ప్రాజెక్టంతా దీని మీదే నడిచింది. కారు కడిగేటప్పుడు నీళ్ళు చేసే పని ఒక్కటి కాదు. ఎండిన మట్టిని నానబెడతాయి, ఇసుక రేణువుని పెయింట్ మీంచి మోసుకుపోతాయి, గుడ్డకీ పెయింట్‌కీ మధ్య జారుడు పొరలా ఉంటాయి, చివర్లో సబ్బుని కడిగేస్తాయి. నీళ్ళు తగ్గించాలంటే ఈ నాలుగు పనుల్ని ఇంకొకటి చేయాలి. వేరే ఏర్పాటు ఏమీ చేయకుండా ఉత్తినే నీళ్ళు తగ్గిస్తే ఆ భారమంతా పెయింట్ మీద పడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే జరిగేది అదే.

నానబెట్టడం

మొక్కలకి మందు కొట్టే చేతి పంపు స్ప్రేయర్, 2 లీటర్లది, కొత్తది తీసుకున్నా. కొత్తదే కావాలి, పురుగుమందు వాడినది పనికిరాదు. ఇందులో రిన్స్‌లెస్ వాష్ ద్రావణం కలిపి పోశా. రిన్స్‌లెస్ వాష్ అంటే కడిగేశాక మళ్ళీ మంచినీళ్ళు పోయక్కర్లేని షాంపూ, ఇందులో ఉండే పాలిమర్లు మట్టి రేణువు చుట్టూ చేరి జారుడు పెంచుతాయి, నురగ పెద్దగా రాదు. చాలా బ్రాండ్లు 1కి 256 పాళ్ళు చెప్తాయి, అంటే 5 లీటర్లకి సుమారు 20 మిల్లీలీటర్లు, 2 లీటర్ల స్ప్రేయర్‌కి 8. మీరు కొన్న డబ్బా మీద ఏం రాసి ఉంటే అదే పాటించండి, ఎక్కువ పోస్తే బాగా శుభ్రమవుతుందనుకుంటారు కానీ చారలు మిగులుతాయి అంతే.

ఒక్కో భాగం మీద కొట్టి రెండు మూడు నిమిషాలు వదిలేయడం, ఇదే మొత్తం పద్ధతికి గుండెకాయ. నీళ్ళ ప్రవాహం చేసే పనిని ఇక్కడ సమయం చేస్తోంది. మొదట్లో చెయ్యి ఆగదు, కొట్టగానే తుడవాలనిపిస్తుంది, కానీ దూరంగా నిలబడి చూస్తే బానెట్ మీద దుమ్ము బొట్లు బొట్లుగా కరిగి కిందకి జారడం కళ్ళకి కనిపిస్తుంది. అలా జారిపోయిన ఇసుక మన గుడ్డ కిందకి రాదు. ఎండలో మాత్రం ఇది కుదరదు, రేకు వేడిగా ఉంటే ద్రావణం నానబెట్టేలోపే ఆరిపోయి మరక కడుతుంది, అందుకని నీడలో, బానెట్ మీద అరచెయ్యి పెడితే చల్లగా తగిలేటప్పుడు మాత్రమే చేస్తున్నా.

గుడ్డలు

నీళ్ళు తక్కువైనప్పుడు గుడ్డలు ఎక్కువ కావాలి. రెండు బకెట్ల పద్ధతి తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది: అందులో ఒక బకెట్ సబ్బుకి, ఇంకోటి మురికైన గుడ్డ జాడించడానికి. ఆ రెండో బకెట్ నీళ్ళు మనకి లేవు, కాబట్టి మురికైన గుడ్డని జాడించనే జాడించను, పక్కన పడేసి కొత్తది తీసుకుంటా.

చేసేది ఇలా. 5 లీటర్ల ద్రావణంలో మైక్రోఫైబర్ గుడ్డలన్నీ ముందే నానేస్తా. ఒకటి తీసి కొద్దిగా పిండి, రెండు మడతలు పెడితే నాలుగు పొరలవుతుంది, తిప్పుకుంటూ వాడితే 8 ముఖాలు వస్తాయి. ఒక ముఖంతో ఒక వైపుకి ఒకే లాగుడు, లేదా మహా అయితే రెండు, తర్వాత ముఖం మార్చాలి. గుండ్రంగా రుద్దకూడదు, తిన్నగా లాగాలి. నొక్కకూడదు, గుడ్డ బరువే చాలు. పైనుంచి కిందకి రావాలి, టాప్, అద్దాలు, బానెట్, డోర్ల పైసగం, చివర్లో డోర్ల కిందిసగం, బంపర్లు. కిందిసగంలో రోడ్డు మీద నుంచి లేచిన కంకర పొడి ఉంటుంది, అక్కడ వాడిన గుడ్డ మళ్ళీ పైకి రాకూడదు, ఇందులో రాజీ లేదు. మురికి గుడ్డ తిరిగి బకెట్‌లోకి వెళ్ళదు కాబట్టి బకెట్‌లో నీళ్ళు చివరిదాకా తేటగానే ఉంటాయి, ఇది నాకు అన్నిటికంటే నచ్చిన విషయం, కడగడం పూర్తయ్యాక కూడా బకెట్ అడుగు కనిపిస్తుంది.

గుడ్డలు ఎంచుకోడానికి పాత సీడీ పరీక్ష పెట్టా. పనికిరాని సీడీ మెరిసే వైపుని తడి గుడ్డతో నాలుగైదు సార్లు కాస్త నొక్కి రుద్ది, లైటు కింద తిప్పి చూడటం. సీడీ ప్లాస్టిక్ కారు క్లియర్ కోట్ కంటే మెత్తన, దాని మీద గీత పడకపోతే పెయింట్ మీద ధైర్యంగా వాడొచ్చు. నా దగ్గరున్న గుడ్డల్లో కొన్ని, అంచు కుట్టు గట్టిగా ఉన్నవి, లేబుల్ ఇంకా తీయనివి, సీడీని గీకాయి, వాటిని చక్రాలకి పంపేశా. లేబుల్స్ ఉంటే కత్తిరించండి, కత్తిరించిన మొన కూడా గుచ్చుకుంటుంది, కుట్టు విప్పి తీసేస్తే ఇంకా మంచిది.

గుడ్డలు ఉతికే నీళ్ళు ఎవరి లెక్కలో?

ఈ విషయం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం ఇది లెక్కలో లేకుండా ప్రాజెక్టు నిజాయితీగా అనిపించలేదు. కారుకి 9 లీటర్లు వాడి, ఆ గుడ్డలన్నీ వాషింగ్ మెషీన్‌లో వేస్తే ఫ్రంట్ లోడ్ అయినా ఒక విడతకి 50 లీటర్ల దాకా పోతాయి, టాప్ లోడ్ అయితే ఇంకా ఎక్కువ. అప్పుడు మనం ఆదా చేసినదాంట్లో మంచి వాటా బాత్రూంలో పారబోసినట్టే. అలాగని మామూలు బట్టలతో కలిపి వేయలేం, కాటన్ పీచు మైక్రోఫైబర్‌కి పట్టుకుందంటే వదలదు, మళ్ళీ కారు అద్దాల మీద తెల్లగా అంటుకుంటుంది.

కొన్ని రకాలుగా చేసి చూశాక ఇప్పుడు స్థిరపడింది ఇది. కడగడం అవగానే, గుడ్డలు ఆరకముందే, బకెట్‌లో మిగిలిన తేట ద్రావణంలోనే వాటిని పిసికి జాడిస్తా, మట్టిలో ముప్పావు వంతు అక్కడే దిగిపోతుంది. ఆ మట్టినీళ్ళు ఫ్లోర్ మ్యాట్లకి. తర్వాత ఇంట్లో బట్టలు ఉతికే మెషీన్ ఆఖరి జాడింపు నీళ్ళు ఒక టబ్బులో పట్టి, అందులో కొంచెం లిక్విడ్ డిటర్జెంట్ వేసి చేత్తో ఉతికి, అలాంటి నీళ్ళతోనే జాడించి నీడలో ఆరేస్తా. ఇంట్లో ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడేవాళ్ళయితే ఆ నీళ్ళు వద్దు, సాఫ్ట్‌నర్ మైక్రోఫైబర్ పోగుల మీద పూతలా చేరి నీళ్ళు పీల్చే గుణాన్ని చంపేస్తుంది. ఇస్త్రీ, వేడి డ్రయర్ కూడా వద్దు, పోగు చివర్లు కరిగి గట్టిపడతాయి, అప్పుడు మెత్తటి గుడ్డ కూడా గీతలు పెడుతుంది.

కిందిసగం గుడ్డలు, చక్రాల గుడ్డలు వేరే డబ్బాలో ఉంటాయి, ఉతకడం కూడా విడిగానే.

ఏ నీళ్ళు

ఒక చిన్న టీడీఎస్ మీటర్, అంటే నీళ్ళలో లవణాలు ఎంత కరిగున్నాయో అంకెలో చూపించే పరికరం, చేతికొచ్చాక ఇంట్లో ప్రతి నీటి చుక్కనీ కొలవడం మొదలుపెట్టా. కారు మీద నీటి మరకలు ఎందుకు వస్తాయంటే నీళ్ళు ఆవిరైపోయి అందులో కరిగున్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు పెయింట్ మీద మిగిలిపోతాయి, ఎండలో అవి ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. నల్ల కారు ఉన్నవాళ్ళకి ఈ బాధ ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

ఏసీ లోంచి కారే నీళ్ళు మీటర్ మీద దాదాపు అడుగున చూపించాయి. గాలిలోని తేమ కాయిల్ మీద చల్లబడి దిగిన నీరు అది, లవణాలు ఉండే అవకాశమే తక్కువ. తాగడానికి పనికిరాదు, కాయిల్ మీది దుమ్ము, సూక్ష్మజీవులు అందులో ఉంటాయి, కానీ కారు మీద ఆఖరి తుడుపుకి దీన్ని మించింది లేదు. ఉక్కపోత ఉన్న రోజుల్లో రాత్రంతా ఏసీ నడిస్తే బకెట్‌లో చెప్పుకోదగ్గ నీళ్ళు చేరతాయి, గాలి పొడిగా ఉంటే చాలా తక్కువ. నా ద్రావణం మొత్తం ఇప్పుడు ఈ నీళ్ళతోనే కలుపుతున్నా, గుడ్డతో వడకట్టి.

ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్ళ గురించి చాలామంది అడుగుతుంటారు, అది వాడొచ్చా అని. లెక్క వేసి చూడండి: లోపలికి వెళ్ళే నీళ్ళ టీడీఎస్ 400 అనుకుందాం, 4 లీటర్లలో 1 లీటరు మంచినీళ్ళుగా వచ్చి 3 లీటర్లు బయటికి పోతే ఆ 3 లీటర్ల టీడీఎస్ సుమారు 530 అవుతుంది. సగానికి సగం వస్తే 800 దాకా పోతుంది. చక్రాలకి, మ్యాట్లకి, వీల్ ఆర్చ్ లోపలికి హాయిగా వాడుకోండి. పెయింట్ మీద మాత్రం నానబెట్టడానికి వాడినా సరే ఆరనివ్వకూడదు, ఆఖర్న తుడిచేది ఏసీ నీళ్ళతో ఉండాలి. నేనైతే పెయింట్‌కి దూరంగానే ఉంచా.

ఇప్పటికే పడిన తాజా నీటి మరకలకి వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి గుడ్డతో అద్ది, నిమిషంలోపు తుడిచేసి, వెంటనే మంచి ద్రావణంతో ఇంకోసారి తుడిచా, చాలావరకు పోయాయి. లవణం పెయింట్‌లోకి దిగి గుంట పెట్టినవి ఇలా పోవు.

చక్రాలు

త్వరగా చెప్పేస్తా. 2 లీటర్ల ఆర్వో నీళ్ళు, కొద్దిగా మామూలు కారు షాంపూ, పాత బ్రష్, విడి గుడ్డ. చక్రాల మీది నల్లపొడి బ్రేక్ డస్ట్, అందులో ఇనుప రజను ఉంటుంది, అందుకే ఆ గుడ్డ జీవితాంతం చక్రాల గుడ్డగానే ఉండాలి. నాలుగు చక్రాలూ అయ్యాకే బాడీ ముట్టుకుంటా, లేకపోతే చక్రం మీంచి చిమ్మిన చుక్కలు కడిగిన డోర్ మీద పడతాయి.

వాన పడ్డాక, బురదతో

అసలు పరీక్ష ఇక్కడే వచ్చింది. సన్న దుమ్ముకి ఒక్క బకెట్ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది, కానీ మట్టిరోడ్డు మీద తిరిగొచ్చి డోర్ల కింద బురద గడ్డకట్టి ఉంటే దాని మీద గుడ్డ పెట్టడం అంటే ఇసుక కాగితం పెట్టడమే. ఇక్కడ నేను రెండు మార్గాలు పట్టుకున్నా. వాన వస్తుందని తెలిస్తే కారుని చూరు కింద నుంచి బయటికి తీసి నిలబెట్టడం, వాన పడుతుండగానే స్ప్రేయర్‌తో కింది భాగాలకి ద్రావణం కొట్టడం, కడగాల్సింది వానే కడుగుతుంది, వాన నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి మరకల భయం కూడా తక్కువ. వాన లేకపోతే స్ప్రేయర్‌నే రెండుసార్లు నింపి, బురద ఉన్న చోట్ల మాత్రమే, దగ్గరగా, పైనుంచి కిందకి గడ్డలు జారిపోయేదాకా కొట్టడం. ఇలా చేసినప్పుడు 4 లీటర్లు అదనంగా పోయాయి, 10 లీటర్ల షరతు దాటింది, దాటినా సరే, గీతలు పెట్టుకోవడం కంటే అది నయం. ఆ 4 లీటర్లూ ఆర్వో నీళ్ళే, తర్వాత మామూలు పద్ధతిలో ఏసీ నీళ్ళ ద్రావణంతో ముగించా.

నీళ్ళు ఎటు పోతున్నాయో కూడా చూసుకోవాలి. వీధి పక్క వాననీటి కాలువలు చాలాచోట్ల ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగుల్లోకి, చెరువుల్లోకి పోతాయి, బ్రేక్ డస్ట్, ఆయిల్, సబ్బు అన్నీ అటే. వీలుంటే కంకర లేదా గడ్డి నేల మీద నిలబెట్టి కడగండి, మట్టి కొంత వడకడుతుంది. చక్రాలు కడిగిన నల్లనీళ్ళు మాత్రం నేను పట్టి ఇంటి మురుగు కాలువలోనే పోస్తున్నా.

కడగడాల మధ్య

నీళ్ళు నిజంగా ఆదా అయ్యేది కడిగే రోజున కాదు, కడగాల్సిన అవసరమే రాని రోజుల్లో. కారులో చిన్న స్ప్రే బాటిల్, రెండు గుడ్డలు పెట్టుకున్నా. పిట్ట రెట్ట కనిపిస్తే ఆ రోజే తీసేయాలి, అందులో ఉండే ఆమ్లం ఎండవేడికి పెయింట్‌ని తినేస్తుంది. ద్రావణంలో తడిపిన గుడ్డని దాని మీద పరిచి అయిదారు నిమిషాలు వదిలేస్తే మెత్తబడుతుంది, అప్పుడు చిటికెతో తీసినట్టు ఎత్తేయడమే, రుద్దకూడదు. ఒక కప్పు నీళ్ళతో అయిపోయే పని అది. ఒక్క రెట్ట కోసం కారు మొత్తం కడగక్కర్లేదు.

ఇంకోటి, ఆంక్షలు గట్టిపడక ముందే ఒకసారి బాగా శుభ్రం చేసి స్ప్రే సీలెంట్ పూసా. నీళ్ళని బొట్లుగా తోసేసే పొర అది, దుమ్ము కూడా గట్టిగా అంటుకోదు, నానబెట్టే సమయం స్పష్టంగా తగ్గింది. గిన్నెలు తోమే సబ్బుతో కారు కడిగేవాళ్ళు దయచేసి మానేయండి, జిడ్డుని కోయడానికి తయారైన సబ్బు అది, వాక్స్ పొరని కూడా తీసుకుపోతుంది, తర్వాత ప్రతి వాష్‌కీ ఎక్కువ నీళ్ళు, ఎక్కువ రుద్దుడు. దుమ్ము ఉన్న కారు మీద కవర్ కప్పడం కూడా అంతే ప్రమాదం, గాలికి కవర్ కదిలినంత సేపూ ఆ దుమ్ముతో పెయింట్‌ని రాస్తూనే ఉంటుంది. పొడి గుడ్డతో, ఈకల బ్రష్‌తో దులపడం నేను పూర్తిగా ఆపేశా.

ఇప్పుడు ఎక్కడున్నా

చిన్న కారు, సన్న దుమ్ము అయితే: స్ప్రేయర్‌లో 2 లీటర్లు, బకెట్‌లో 5, చక్రాలకి 2. మొత్తం 9 లీటర్లు, అందులో కుళాయి నుంచి నేరుగా వచ్చింది ఏమీ లేదు. పెద్ద ఎస్‌యూవీకి బకెట్‌లో ఇంకో రెండు లీటర్లు, గుడ్డలు ఇంకొన్ని కావాలి. సాయంత్రం ఫోన్ టార్చ్‌ని బానెట్ మీద ఏటవాలుగా పట్టి చూస్తున్నా ప్రతి వాష్ తర్వాత, పాత గీతలు ఉన్నవి ఉన్నాయి, కొత్త సాలెగూడు గీతలు కనిపించలేదు. పైపుతో కడిగిన రోజుల్లో ఇంత శ్రద్ధగా ఏనాడూ చూడలేదు, చూడాల్సింది.

కారు అడుగు భాగం మాత్రం ఈ పద్ధతికి లొంగదు. సముద్రం దగ్గర తిరిగే కార్లకి, బురదలో తిరిగే కార్లకి అడుగున ఉప్పు, మట్టి పట్టి తుప్పు పడుతుంది, దానికి గుడ్డ పనికిరాదు, నీళ్ళ ఒత్తిడే కావాలి. వాడిన నీళ్ళని శుద్ధిచేసి తిరిగి వాడే కార్ వాష్ దగ్గర్లో ఉంటే అడుగు భాగం వరకు అక్కడ చేయించడమే సరైన పని అని నా అభిప్రాయం, ఆంక్షలు వాటిని అనుమతిస్తున్నాయో లేదో చూసుకుని.

తర్వాత చేయబోయేది వాన నీళ్ళు పట్టడం. లెక్క సులువే, ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. షెడ్డు రేకు 10 చదరపు మీటర్లుంది, 5 మిల్లీమీటర్ల చిన్న వాన పడినా 50 లీటర్లు, మొదటి కొన్ని లీటర్లు రేకు మీది దుమ్ముతో వస్తాయి కాబట్టి వదిలేసినా నాలుగు వాష్‌లకి సరిపోతాయి. డ్రమ్ము వచ్చింది, గొట్టం బిగించడం అయింది. మూత, దోమల వల ఇంకా పెట్టాలి. మొదటి నీళ్ళు పట్టాక టీడీఎస్ ఎంత చూపించిందో, ఏసీ నీళ్ళ పక్కన పెట్టి చూస్తే ఎలా ఉందో ఇక్కడే కింద రాస్తా.